పశ్చిమ జర్మనీ ‘ఆర్థిక అద్భుతం’

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో రైష్‌మార్క్ విలువ పడిపోయింది. నల్లబజారులో సిగరెట్లే డబ్బుగా చెలామణి అయ్యాయి. 1948 జూన్ 20న మిత్రదేశాల ఆక్రమణలోని పశ్చిమ మండలాల్లో కొత్త కరెన్సీ డాయిష్ మార్క్ ప్రవేశపెట్టి, తొలివిడతగా తలకు 40 మార్కులు ఇచ్చారు. అక్కడి ఆర్థిక పాలన అధిపతి లుడ్విగ్ ఎర్హార్డ్ చాలా సరుకులపై ధరల నియంత్రణ ఎత్తేశారు. అప్పటిదాకా దాచిన సరుకు మర్నాటికల్లా దుకాణాల్లో ప్రత్యక్షమైంది. ‘ఆర్థిక అద్భుతం’గా పేరొందిన వేగవంతమైన పునరుద్ధరణ ఇలా మొదలైంది.

ముఖ్యాంశాలు
- విధానం: సామాజిక మార్కెట్ ఆర్థిక వ్యవస్థ. స్వేచ్ఛా పోటీతో పాటు సంక్షేమ భద్రత.
- ఊతం: అమెరికా మార్షల్ ప్రణాళిక సాయం, 1953 లండన్ ఒప్పందంతో విదేశీ అప్పులో దాదాపు సగం మాఫీ.
- శ్రామికులు: కార్మికుల కోసం ఇటలీతో 1955లో, టర్కీతో 1961లో ఒప్పందాలు.
- ఐరోపా ఏకీకరణ: ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి షూమన్ ప్రకటన (1950 మే 9), బొగ్గు-ఉక్కు సమాజానికి పారిస్ ఒప్పందం (1951), ఆర్థిక సమాజానికి రోమ్ ఒప్పందం (1957). ఆరు వ్యవస్థాపక దేశాల్లో పశ్చిమ జర్మనీ ఒకటి.
- భారత్‌తో: రూర్కెలా ఉక్కు కర్మాగారం పశ్చిమ జర్మనీ సహకారంతో ఏర్పడింది.

నమూనా ప్రశ్న: బొగ్గు-ఉక్కు సమాజ వ్యవస్థాపక దేశం కానిది?
ఎ) ఇటలీ బి) లక్సెంబర్గ్ సి) బ్రిటన్ డి) బెల్జియం
జవాబు: సి. బ్రిటన్ 1973లో చేరింది.