మూర్ఛ ఒక్కటే, మూలములు వేరు

కృష్ణా డెల్టా గ్రామములలో ఎవరైనను ఉన్నట్టుండి నేలపై పడి కాలుచేతులు కొట్టుకొనినచో, చుట్టును చేరినవారు మొదట వెదకునది తాళపుచెవుల గుత్తి. ఇనుము చేత పెట్టినచో మూర్ఛ దిగునని నమ్మకము. సాధారణముగా మూర్ఛ రెండు మూడు నిమిషములలో దానంతట అదే తగ్గును. ఆ ఘనత ఇనుమునకు దక్కును. కాని మూర్ఛ అనేక వ్యాధులకు సామాన్యమైన గుర్తు. వానిలో కొన్నిటికి నిదానముగా చికిత్స జరిపింపవచ్చును. కొన్నిటిలో గంట ఆలస్యమైనను ప్రాణమునకే ముప్పు. ఈ భేదమును పంచాయతీ సభ్యులకు తెలుపుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము.

మెదడు, నరముల ఏర్పాటు మనకు తెలిసిన కాలువల ఏర్పాటు వంటిది. 1957లో పూర్తియైన ప్రకాశం బరాజు నుండి పెద్ద కాలువలు, వాని నుండి పిల్లకాలువలు, తుదకు బోదెలు నీటిని చేలకు చేర్చును. అట్లే మెదడు ఆజ్ఞలను వెన్నుపాము, నరములు ఒడలంతటికిని చేర్చును. చేనికి నీరందనిచో లోపము బోదెలో ఉన్నదో, లాకు వద్ద ఉన్నదో చూచిన పిమ్మటనే మరమ్మతు చేయుదుము. రోగి విషయమునను అట్లే చూడవలెను.

మొదటిది మూర్ఛవ్యాధి. మెదడులోని కణముల విద్యుత్ సంకేతములు ఒక్కసారిగా అదుపు తప్పినపుడు మూర్ఛ వచ్చును. జ్వరము వంటి తక్షణ కారణము లేకయే అది మరల మరల వచ్చినచో మూర్ఛవ్యాధి యందురు. ప్రపంచమున సుమారు 5 కోట్ల మందికి ఇది కలదు. ఇది అంటువ్యాధి కాదు. గాలి సోకుట కాదు. సరియైన మందులు క్రమము తప్పక వాడినచో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరు.

మన దేశములో ఈ వ్యాధికి ఒక ముఖ్యకారణము పందిమాంసము ద్వారా మనుష్యుని ప్రేగులలో చేరు బద్దెపురుగు. ఆ మనుష్యుని మలములోని పురుగు గ్రుడ్లు కలుషితమైన నీటి ద్వారా, కడుగని కూరల ద్వారా ఇతరుల కడుపు చేరును. మెదడులో తిత్తులు ఏర్పడును. కావున మాంసము ముట్టనివారికిని ఇది రావచ్చును.

పూర్వము హిందూ వివాహ చట్టములో మూర్ఛవ్యాధి వివాహమునకు అడ్డంకిగా ఉండెడిది. 1999లో చట్టమును సవరించి ఆ మాటను తొలగించిరి. చట్టము తొలగించిన అడ్డంకిని ఊరు నిలుపరాదు. సంబంధము తప్పిపోవునను భయముతో వ్యాధిని దాచి, అత్తవారింట మందులు మానివేయు ఆడపిల్లలు ప్రాణాపాయము కొని తెచ్చుకొనుచున్నారు.

రెండవది మెదడువాపు. ఇందు మొదట జ్వరము, తలనొప్పి, వాంతులు, పిదప మూర్ఛ కనిపించును. మూర్ఛవ్యాధిగల రోగి కొంత సేపటికి తేరుకొని మాటలాడును. మెదడువాపు సోకిన బిడ్డ మూర్ఛ ఆగినను మత్తుగానే పడియుండును. జపనీస్ మెదడువాపును మన దేశమున మనుష్యులలో మొదట 1955లో వేలూరు ప్రాంతమున గుర్తించిరి. దీని వైరస్ కొంగలలో, పందులలో వృద్ధిచెందును. వరిచేల నీటిలో పెరుగు క్యూలెక్స్ దోమలు దానిని మనకు చేర్చును. మనిషి నుండి మనిషికి సోకదు. సోకినవారిలో సుమారు 250 మందికి ఒకరిలోనే తీవ్రమగును; కాని అట్టివారిలో నూటికి 30 మంది వరకు మరణింపవచ్చును. బ్రతికినవారిలో పలువురికి అవిటితనము మిగులును. వైరస్‌ను చంపు మందు లేదు, టీకా కలదు. వ్యాధి ప్రబలు జిల్లాలలో బిడ్డలకు 9వ నెల నిండిన పిదప ఒకమారు, 16–24 నెలల మధ్య మరియొకమారు ఇత్తురు.

అన్ని మెదడువాపులును దోమల వలన రావు. 2003 జూన్–ఆగస్టు మాసములలో నాటి ఉమ్మడి రాష్ట్రమున 329 మంది పిల్లలు ఇట్టి వ్యాధికి గురికాగా 183 మంది మరణించిరి. పరీక్షలలో కనిపించినది చండీపురా వైరస్. దీనిని వ్యాపింపజేయునవి మట్టిగోడల పగుళ్ళలో దాగు ఇసుక ఈగలు.

మూడవది పక్షవాతము. ఇందు మూర్ఛ అరుదు. మూతి వంకరపోవుట, ఒక ప్రక్క కాలుచేయి పడిపోవుట, మాట తడబడుట గుర్తులు. మెదడులోని రక్తనాళము పూడిపోయినను, చిట్లినను ఇది వచ్చును. ఏది జరిగినదో పైకి తెలియదు, సి.టి. స్కాన్‌తోనే తెలియును. గడ్డను కరగించు మందు లక్షణములు మొదలైన నాలుగున్నర గంటల లోపుననే ఇయ్యవలెను. పసరు పోయించి తెల్లవారు వరకు ఆగినచో ఆ అవకాశము పోవును. మ్రింగలేని రోగికి పోసిన పసరు ఊపిరితిత్తులలోనికిని పోవచ్చును.

నాలుగవది విషపదార్థముల ప్రభావము. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున 600 మందికి పైగా మూర్ఛలు, కళ్ళు తిరుగుట మున్నగు బాధలతో ఆసుపత్రి పాలైరి. కొందరిని విజయవాడకు తరలించిరి. చాలమంది త్వరలోనే కోలుకొనిరి. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెల్ కనిపించినవి. ఒకేసారి పలు ఇండ్లలో జ్వరము లేని మూర్ఛలు వచ్చినచో నీటిని, ఆహారమును శంకింపవలెనని ఈ ఉదంతము బోధించుచున్నది.

కావున ఎవరైనను పడిపోయినచో సభ్యులు నాలుగు ప్రశ్నలు వేయవలెను: జ్వరమున్నదా? ఒక ప్రక్క బలము తగ్గినదా? ఇరుగుపొరుగున ఇంకెవరికైనను ఇట్లున్నదా? ఎన్ని గంటలకు మొదలైనది? ఈ జవాబులు వైద్యునకు ఎంతయు ఉపకరించును. మూర్ఛలోనున్నవారిని ప్రక్కకు ఒత్తిగిలింపవలెను; నోటిలో ఏమియు పెట్టరాదు; గట్టిగా అదిమి పట్టరాదు. మూర్ఛ అయిదు నిమిషములు దాటినను, జ్వరమున్నను, తెలివి రాకున్నను, మూతి వంకరపోయినను వెంటనే 108కు ఫోను చేయవలెను.

మిగిలిన పని పంచాయతీదే. పందులను ఇండ్లకు దూరముగా ఉంచుటకు పెంపకందారులతో మాటలాడి స్థలము చూపవలెను. వారి జీవనోపాధి చెడరాదు. మరుగుదొడ్ల వాడుక, మంచినీటి శుద్ధి, మురుగు కాలువల పారుదల, టీకాల పట్టిక ప్రతి సమావేశమున చర్చింపవలెను. ఊరిలో మూర్ఛమందులు వాడువారికి అవి అందుచున్నవో లేదో ఆశ కార్యకర్తను అడుగవలెను. తాళపుచెవుల కొరకు పరుగిడు కాళ్ళు ఇకమీదట ఆసుపత్రి వైపు పరుగిడునట్లు చేయుట సభ్యుల చేతిలోనే ఉన్నది.