వాహన పరీక్ష

మహాభారతంలోని నలోపాఖ్యానంలో వాహన పరీక్షకు సంబంధించిన రెండు ఘట్టాలున్నాయి. బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణ మహారాజు వద్ద సారథిగా ఉన్న నలుడు, ఒక్క పగటిలో విదర్భకు చేరవలసిన రథానికి బక్కచిక్కిన గుఱ్ఱాలను ఎంచుకొన్నాడు. బలిసిన గుఱ్ఱాలు శాలలో ఎన్నో ఉండగా ఇవి నూరు యోజనాలు ఎట్లా పోగలవని రాజు నొచ్చుకొన్నాడు. నలుడు వాటి సుడులను, జాతి లక్షణాలను చూపి రాజును ఒప్పించాడు. ఇది మొదటి ఘట్టం. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూచి దాని ఆకులు, కాయలు ఎన్నెన్నో చెప్పి తన గణిత నైపుణ్యాన్ని ప్రదర్శించాడు. నలుడు ఆ మాటను అట్లే నమ్మలేదు. ఆలస్యమవుతుందని రాజు వారిస్తున్నా రథం ఆపి, దిగి, చెట్టును పడగొట్టి, కాయలు లెక్కించి, సంఖ్య సరిపోయిన తరువాతనే ఆ విద్యను అంగీకరించాడు. ఇది రెండవ ఘట్టం. మొదటి దానికున్న ప్రసిద్ధి దీనికి లేదు.

నేటి వాహనాలకు సుడులు లేవు. వాటి గుణగణాలు కొనేవారికి అంకెల రూపంలోనే అందుతున్నాయి. లీటరుకు ఇన్ని కిలోమీటర్లు, ఒక ఛార్జికి ఇన్ని కిలోమీటర్లు అని ప్రకటనలు చెబుతాయి. ఆ అంకెలను ఎవరు లెక్కించారు, ఎట్లా లెక్కించారు అన్న ప్రశ్న లేకుండా వాహనాన్ని విలువ కట్టడం సాధ్యం కాదు. ఈ విషయాన్ని పరిశీలించడానికి దక్షిణ కొరియాకు చెందిన హ్యుందాయ్ సంస్థ రూపొందించిన అయానిక్ అనే కారు చక్కని ఉదాహరణ.

అయానిక్ అయిదు తలుపుల హ్యాచ్‌బ్యాక్ కారు. వెనుక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది. పొడవు సుమారు నాలుగున్నర మీటర్లు. 2016 జనవరిలో హైబ్రిడ్ రూపంలో కొరియాలో విడుదలైంది. అదే సంవత్సరంలో పూర్తి విద్యుత్ రూపం, 2017లో ప్లగ్ ఇన్ హైబ్రిడ్ రూపం వచ్చాయి. పెట్రోలుతో మాత్రమే నడిచే సాధారణ రూపం దీనికి లేనే లేదు. ఒకే దేహంలో మూడు రకాల చోదక యంత్రాంగాలను అమర్చడమే ఈ కారు విశేషం. దేహం ఒక్కటే కనుక, ఇతర భేదాలు అడ్డురాకుండా యంత్రాంగాలను పక్కపక్కన నిలిపి చూడవచ్చు. పరీక్షకునికి ఇంతకంటె అనుకూలమైన వస్తువు దొరకడం అరుదు.

హైబ్రిడ్ రూపంలో 1.6 లీటర్ల పెట్రోలు ఇంజను, దానికి తోడుగా ఒక చిన్న విద్యుత్ మోటారు ఉంటాయి. ఇంజను అట్కిన్‌సన్ పద్ధతిలో పనిచేస్తుంది. జేమ్స్ అట్కిన్‌సన్ అనే ఆంగ్ల ఇంజనీరు పందొమ్మిదవ శతాబ్దిలో రూపొందించిన ఈ పద్ధతిలో, మండిన వాయువు సంకోచించిన దానికంటె ఎక్కువగా వ్యాకోచించి, అందువల్ల ఇంధనంలోని శక్తిని మరింతగా పిండి ఇస్తుంది. బలం కొంత తగ్గుతుంది. ఆ లోటును మోటారు తీరుస్తుంది. ఇంధనంలోని శక్తిలో 40 శాతాన్ని ఈ ఇంజను పనిగా మార్చగలదని సంస్థ చెప్పింది. పెట్రోలు ఇంజనుకు ఇది ఘనమైన సంఖ్యే. అయినా మిగిలిన 60 శాతం వేడిగా మారి గాలిలో కలుస్తుందన్న సంగతిని కూడా ఆ సంఖ్యే చెబుతున్నది.

బ్రేకు వేసినప్పుడు జరిగేది గమనింపదగినది. పదిహేను వందల కిలోల బరువున్న వాహనం గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో మూడు లక్షల జౌళ్ల గతిజ శక్తి ఉంటుంది. సాధారణ కారులో బ్రేకు వేయగానే ఇది చక్రాల దగ్గర రాపిడి వేడిగా వృథా అవుతుంది. హైబ్రిడ్ కారులోను, విద్యుత్ కారులోను మోటారే ఆ క్షణంలో జనరేటరుగా మారి అందులో కొంత భాగాన్ని బ్యాటరీకి తిరిగి చేరుస్తుంది. మాటిమాటికి ఆగి కదలవలసిన నగర మార్గాలలో సాధారణ కారు మైలేజీ పడిపోవడానికి, హైబ్రిడ్ కారు మైలేజీ అంతగా పడిపోకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

విద్యుత్ రూపంలో ఇంజను లేదు, పెట్రోలు తొట్టి లేదు, గేర్లు మార్చే పని లేదు. తొలి రూపంలోని బ్యాటరీ సామర్థ్యం 28 కిలోవాట్ గంటలు. తెలుగువారి ఇళ్లకు వచ్చే కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 28 యూనిట్లు. హైబ్రిడ్ కారు బ్యాటరీ ఒకటిన్నర యూనిట్లకు కాస్త ఎక్కువ. ఒక లీటరు పెట్రోలులో సుమారు 8.9 యూనిట్ల శక్తి దాగి ఉంటుంది. అంటే విద్యుత్ అయానిక్ మోసుకొనిపోయే మొత్తం శక్తి మూడు లీటర్ల పెట్రోలుకు ఇంచుమించు సమానం! ఆ మూడు లీటర్ల శక్తితో అది 200 కిలోమీటర్లు పోతుంది. మోటారు తాను తీసుకొన్న శక్తిలో అత్యధిక భాగాన్ని పనిగా మార్చడమే దీనికి కారణం. విద్యుత్ కారు గొప్పతనమూ, దాని బలహీనతా ఈ ఒక్క లెక్కలోనే ఉన్నాయి. అది శక్తిని ఎంతో పొదుపుగా వాడుతుంది, కాని వెంట తీసుకొనిపోగలిగింది స్వల్పం. హైబ్రిడ్ కారు తొట్టిలో 45 లీటర్లు పడతాయి. అమెరికా ప్రభుత్వ పరీక్షలో దాని అత్యుత్తమ రకానికి వచ్చిన గ్యాలనుకు 58 మైళ్లు అన్న ఫలితాన్ని మన కొలతలోకి మార్చితే లీటరుకు సుమారు 24.6 కిలోమీటర్లు. నిండు తొట్టితో వెయ్యి కిలోమీటర్లు దాటవచ్చు.

దేహం ఒక్కటే అన్న మాటను కూడా కొంచెం తరచి చూడాలి. విద్యుత్ రూపంలో పెద్ద బ్యాటరీ కారు అడుగున, వెనుక భాగంలో చోటు ఆక్రమించింది. అందుచేత హైబ్రిడ్ రూపంలో వెనుక చక్రాలకు ఉన్న మేలైన సస్పెన్షన్ స్థానంలో మరింత సరళమైన అమరికను పెట్టవలసివచ్చింది. ఐరోపా కొలతల ప్రకారం డిక్కీ 443 లీటర్ల నుండి 350 లీటర్లకు తగ్గింది. బండి కదిలే తీరులో మాత్రం విద్యుత్ రూపానిదే పైచేయి. నిలిచిన చోటు నుండి గంటకు నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడంలో అది హైబ్రిడ్ కంటె దాదాపు ఒక సెకను ముందుంటుంది. ఇది ప్రకటనకర్తలకు ప్రీతిపాత్రమైన అంశం. నిత్యజీవితంలో దాని ప్రయోజనం ఏపాటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు ప్రశ్న. ఒకసారి ఛార్జి చేస్తే తొలి విద్యుత్ అయానిక్ ఎంత దూరం పోతుంది? ఐరోపాలో సంస్థ ప్రకటించిన సంఖ్య 280 కిలోమీటర్లు. అమెరికాలో ప్రభుత్వం ధ్రువీకరించిన సంఖ్య 124 మైళ్లు, అంటే సుమారు 200 కిలోమీటర్లు. స్వదేశమైన కొరియాలో ధ్రువీకరించిన సంఖ్య 191 కిలోమీటర్లు. కారు ఒక్కటే, బ్యాటరీ ఒక్కటే. సంఖ్యలు మూడు. వీటిలో ఏదీ కల్పితం కాదు. మూడూ ఆయా దేశాల నిబంధనల ప్రకారం జరిపిన పరీక్షల ఫలితాలే.

భేదం పరీక్షా విధానంలో ఉన్నది. ఆనాటి ఐరోపా పరీక్ష ప్రయోగశాలలో రోలర్లపై సుమారు ఇరవై నిమిషాలు, పదకొండు కిలోమీటర్లు సాగేది. వేగం పెరగడం, తగ్గడం ఎంతో మెల్లగా ఉండేవి. ఏసీ వేయరు. చలి ఉండదు. రోడ్డుపై ఎవరూ అట్లా నడపరని అందరికీ తెలుసు. అయినా దశాబ్దాల పాటు అదే కొలబద్దగా నిలిచింది. 2017 సెప్టెంబరు నుండి కొత్త రకాల కార్లకు మరింత కఠినమైన పరీక్షను ఐరోపా ప్రవేశపెట్టింది. అమెరికా పద్ధతి వేరు. అక్కడ ప్రయోగశాలలో వచ్చిన దూరాన్ని యథాతథంగా ప్రకటించనీయరు. రోడ్డుపై ఎదురయ్యే చలిని, ఎండను, వేగాన్ని దృష్టిలో పెట్టుకొని సాధారణంగా 0.7తో గుణించి తగ్గిస్తారు. కొనుగోలుదారుకు ఈ గుణకారం గొప్ప మేలు చేసింది. దారి మధ్యలో ఆగిపోవడం కంటె, అనుకొన్న దానికంటె పది కిలోమీటర్లు ఎక్కువ పోవడం మంచిది కదా.

సంఖ్యల విషయంలో ఇంత పట్టుదల ఎందుకన్న సందేహం విద్యార్థులకు కలగవచ్చు. ఈ కారును తయారుచేసిన సంస్థ చరిత్రలోనే దానికి సమాధానం ఉన్నది. హ్యుందాయ్, దాని సోదర సంస్థ కియా అమెరికాలో అమ్మిన అనేక కార్లకు మైలేజీని ఎక్కువ చేసి చూపాయని 2012 నవంబరులో ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ వెల్లడించింది. వాహనాన్ని వేగంగా నడిపి, గేరు తప్పించి, తనంత తాను ఆగేవరకు వదిలి, గాలికి, రోడ్డుకు అది ఎంత ఎదురీదుతున్నదో కొలిచే పరీక్ష ఒకటి ఉన్నది. అనేక పర్యాయాలు చేసిన ఆ పరీక్షలో సగటును కాక, అనుకూలమైన ఫలితాలను ఎంచుకొన్నారని ప్రభుత్వం అభియోగం మోపింది. పరీక్షా విధానంలో పొరపాట్లు జరిగాయని సంస్థలు వివరణ ఇచ్చుకొని, కొన్నవారికి పరిహారం చెల్లించాయి. పన్నెండు లక్షల వాహనాలకు సంబంధించిన ఈ వ్యవహారం 2014 నవంబరులో పది కోట్ల డాలర్ల జరిమానాతో ముగిసింది. అప్పటికి ఆ కార్లు కొన్నవారు ప్రకటిత సంఖ్యను నమ్మి ఏళ్ల తరబడి పెట్రోలు పోయించుకొన్నారు. నలునివలె బండి దిగి లెక్కించే అవకాశం వారిలో ఎందరికి ఉంటుంది? ఆ పని వారి పక్షాన చేయడానికే ప్రభుత్వ పరీక్షా సంస్థలున్నాయి.

మూడు రూపాలలో పర్యావరణానికి ఏది మేలన్న ప్రశ్నకు కూడా లెక్క వేయకుండా సమాధానం చెప్పరాదు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆ లెక్కన హైబ్రిడ్ అయానిక్ కిలోమీటరుకు 94 గ్రాములు విడుస్తుంది. విద్యుత్ అయానిక్‌కు పొగగొట్టం లేదు. కాని ఛార్జింగులో పోయే నష్టంతో కలిపి నూరు కిలోమీటర్లకు సుమారు 15.5 యూనిట్లు కావాలి. ఆ కరెంటు ఎక్కడో పుట్టవలసిందే. నార్వేలో దాదాపు అంతా జలవిద్యుత్తే కనుక అక్కడ ఈ కారు నడకకు అంటే మాలిన్యం నామమాత్రం. పూర్తిగా బొగ్గుతో పుట్టిన కరెంటయితే యూనిట్‌కు సుమారు కిలో చొప్పున, కిలోమీటరుకు 155 గ్రాములవుతుంది. ఈ కారును భారతదేశంలో అమ్మలేదు. అమ్మి ఉంటే మన దేశపు సగటు అయిన యూనిట్‌కు 0.7 కిలో చొప్పున 110 గ్రాములు దాని ఖాతాలో పడేవి. పెట్రోలును తవ్వి, శుద్ధిచేసి తరలించడంలో వెలువడే సుమారు అయిదోవంతు అదనాన్ని హైబ్రిడ్ ఖాతాలో కూడా చేర్చితే రెండూ ఇంచుమించు సమానమవుతాయి. అయితే వీటి భవిష్యత్తులో ఒక భేదముంది. సౌర, పవన విద్యుత్తు పెరిగిన కొద్దీ విద్యుత్ కారు తనంత తాను నిర్మలమవుతుంది. హైబ్రిడ్ కారుకు ఆ భాగ్యం లేదు. కొన్న రోజున 94 గ్రాములు విడిచిన బండి పదేళ్ల తరువాత కూడా అంతకు తక్కువ విడువదు. నగరంలో పీల్చే గాలి సంగతి చెప్పుకొంటే, పొగగొట్టం లేని బండిదే మొదటినుండి పైచేయి.

అయినా ప్రతివారికీ విద్యుత్ రూపమే తగినదని చెప్పడం తొందరపాటు. రాత్రి తన ఇంటి ముందు బండి నిలుపుకొని ఛార్జి చేసుకోగలవారికి అది నాలుగున్నర గంటల పని. ఇంచుమించు సగం కుటుంబాలు అపార్ట్‌మెంట్లలో నివసించే కొరియాలో ఆ సౌకర్యం అందరికీ ఉండదు. శీతకాలంలో మరొక చిక్కు. హైబ్రిడ్ కారులో ఇంజను వృథా చేసే వేడే లోపలివారిని వెచ్చబరుస్తుంది. విద్యుత్ కారు ఆ వెచ్చదనాన్ని కూడా బ్యాటరీ నుండే ఇవ్వాలి కనుక దూరం తగ్గుతుంది. దినచర్య ఒక్క తీరున సాగే ఉద్యోగికి 200 కిలోమీటర్లు పుష్కలం. వారానికొకసారి దూరపు ఊరికి పోయి రావలసినవారికి హైబ్రిడ్ సుఖం. నడుమనున్న ప్లగ్ ఇన్ రూపం సుమారు 47 కిలోమీటర్లు కరెంటుతో పోయి, ఆపైన పెట్రోలుకు మారుతుంది. రోజూ ఛార్జి చేసే ఓపిక ఉన్నవారి చేతిలో అది విద్యుత్ కారు. ఓపిక లేనివారి చేతిలో అదనపు బరువు మోసే హైబ్రిడ్ మాత్రమే.

తరువాతి రూపంలో సంస్థ బ్యాటరీని 38.3 యూనిట్లకు పెంచింది. అమెరికా లెక్కలో దూరం 170 మైళ్లకు, అంటే సుమారు 274 కిలోమీటర్లకు పెరిగింది. ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. శక్తిమంతమైన ఛార్జింగు కేంద్రంలో తొలి బ్యాటరీ 80 శాతం నిండడానికి సంస్థ చెప్పిన సమయం 23 నిమిషాలు. కొత్తదానికి 54 నిమిషాలు. దూరం పెరిగింది, దారిలో నిరీక్షణ కూడా పెరిగింది. ప్రకటనల్లో మొదటి సంఖ్య పెద్ద అక్షరాలతో కనిపించింది. రెండవది సాంకేతిక వివరాల పట్టికలో ఒక మూల కూర్చున్నది.

2021 ఫిబ్రవరిలో, బ్యాటరీలు మంటలకు గురయ్యే ప్రమాదమున్నదన్న కారణంతో హ్యుందాయ్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 82 వేల విద్యుత్ వాహనాలను వెనక్కు పిలిపించి బ్యాటరీలు మార్చవలసివచ్చింది. వాటిలో అత్యధికం కోనా అనే మరొక కారు. కొన్ని వేల విద్యుత్ అయానిక్‌లు కూడా ఉన్నాయి. 2022లో ఈ అయానిక్ ఉత్పత్తి ఆగిపోయింది. ఆ పేరును అంతకు ముందే వచ్చిన పెద్ద విద్యుత్ కారు అయానిక్ 5 కొనసాగిస్తున్నది. చిన్న అయానిక్ ఇప్పుడు పాత కార్ల అంగడిలోనే లభిస్తుంది. అక్కడ దాన్ని పరీక్షించేవారు తిరిగిన కిలోమీటర్లతో పాటు బ్యాటరీలో మిగిలిన సామర్థ్యాన్నీ, అది ఏ సంవత్సరం అమర్చినదో తెలిపే పత్రాన్నీ అడిగి చూడాలి. మార్పిడి జరిగిన బండిలో బ్యాటరీ వయస్సు బండి వయస్సు కంటె కొన్నేళ్లు తక్కువగా ఉంటుంది.