ఇంటి కంప్యూటరులో జాంగో



నవరాత్రులు వచ్చినచో మైలాపూరు ఉత్తర మాడవీధిలో కొలువు బొమ్మలు కొందుము. మెట్లను మాత్రము ఏటేట క్రొత్తగా చేయింపము. అటకపై నున్నవానినే దించి బిగించుకొందుము. అందుచేత మన శ్రద్ధ యంతయు బొమ్మల కూర్పుపై నిలుచును. ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇట్టి మెట్లు కలవు. వానిని ఫ్రేమ్‌వర్కు లందురు. వెబ్‌సైటులు కట్టుటకు పైతాను భాషలో వ్రాయబడిన ఫ్రేమ్‌వర్కు జాంగో. అమెరికాలో కాన్సాసు రాష్ట్రమందలి యొక వార్తాపత్రికలో పనిచేయుచుండినవారు దీనిని నిర్మించి, 2005లో అందరికి ఉచితముగా నిచ్చిరి.

తెలుగు మాధ్యమపు పిల్లలకు ఇది కొరుకుడు పడునా యని కొందరు తల్లిదండ్రులు శంకింతురు. పైతాను తమిళనాడు పన్నెండవ తరగతి కంప్యూటరు పాఠములలో నున్నదే. కొట్టవలసిన ఇంగ్లీషు మాటలును కొద్దియే.

మొదట పైతాన్ డాట్ ఆర్గ్ నుండి పైతానును దించుకొనుడు. స్థాపించునపుడు తొలి తెర యడుగున 'పాత్' అను మాట గల గడి కనబడును. దానిలో గుర్తు పెట్టుట మరువరాదు. పలువురు ఇచ్చటనే పొరబడుదురు. పిమ్మట పైతాన్ అని యెన్నిమారులు కొట్టినను అట్టిది లేదని యంత్రము మొరాయించును.

జాంగో 5.2కు పైతాను 3.10 గాని అంతకు పైది గాని కావలెను. అన్నకో అక్కకో ప్రభుత్వమిచ్చిన పాత ల్యాప్‌టాపు విండోస్ 7తో ఇంట నున్నచో నిరాశ వలదు. దానిపై పైతాను 3.8 నడచును, జాంగో 4.2 దానికి సరిపోవును. అయితే పైతాను 3.8కు భద్రతా సవరణలు 2024తో నిలిచిపోయినవి గాన, దానిని నేర్చుకొనుటకే వాడవలెను.

ఇక కమాండ్ ప్రాంప్టు తెరచి 'పిప్ ఇన్‌స్టాల్ జాంగో' అను మూడు మాటలను ఇంగ్లీషు చిన్న అక్షరములతో కొట్టుడు. జాంగోకు వర్ణక్రమము డి, జె, ఏ, ఎన్, జి, ఓ. మొదటి డి పలుకదు. కాని విడిచినచో పని చెడును. పిదప 'జాంగో-అడ్మిన్ స్టార్ట్‌ప్రాజెక్ట్ పత్రిక' అనినచో పత్రిక యను ఫోల్డరు ఏర్పడును. అందు ప్రవేశించి, 'పైతాన్ మేనేజ్ డాట్ పివై' అను మాటలకు తరువాత మొదట 'మైగ్రేట్', రెండవమారు 'రన్‌సర్వర్' చేర్చుడు. బ్రౌజరులో 127.0.0.1:8000 అను చిరునామా తెరచినచో నింగి కెగయు రాకెట్టు బొమ్మ కానవచ్చును. తప్పు జరిగి ఇంగ్లీషు వాక్యములు బారులు తీరినచో బెదరక, కడపటి వరుసను ముందు చదువుడు. కారణము సాధారణముగా నచ్చటనే యుండును.

నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది దీని తరువాతి పని. 'సెట్టింగ్స్' ఫైలులో 'లాంగ్వేజ్ కోడ్' అను చోట నున్న అమెరికా ఇంగ్లీషు గుర్తును తీసి, తెలుగు గుర్తుగా టి, ఇ అను రెండక్షరములను వ్రాయుడు. చిరునామా చివర 'అడ్మిన్' చేర్చి చూచినచో ఆ పుటలో తెలుగు పలుకులు కానవచ్చును. అన్నియు కాదు, అనువాదము పూర్తి కాలేదు. ఆ పనిని జీతము లేని స్వచ్ఛంద కార్యకర్తలు ట్రాన్సిఫెక్సు అను వేదికపై చేయుచుందురు. మిగిలిన వాక్యములు తెలుగు తెలిసినవారి కొరకు వేచియున్నవి.

సర్వరును ఆపుటకు కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కుడు.