లాజిక్ బ్లాకులను ఏ కొలతతో పోల్చవలెను?

ప్రశ్న: నంద్యాలలో ఇంజనీరింగు చదువుచున్నాను. మా ల్యాబులోని ఆర్టిక్స్-7, సైక్లోన్-4 బోర్డుల లాజిక్ లెక్కలు పొసగుటలేదు. ఏది పెద్దదో తెలియుట యెట్లు?
- ఒక విద్యార్థి, ఆళ్లగడ్డ

జవాబు: ఈ రెండు ఎఫ్‌పీజీఏ కుటుంబములలోను లాజిక్ బ్లాకునకు ముఖ్యమైన మూలాంగములు రెండు: ఇన్‌పుట్లను బట్టి ఫలితమును ముందే వ్రాసియుంచుకొను లుకప్ టేబుల్, ఆ ఫలితమును క్లాకు అంచున పట్టి నిలుపు ఫ్లిప్‌ఫ్లాప్. సైక్లోన్-4లో టేబులునకు ఇన్‌పుట్లు నాలుగు, అనగా 16 గడులు. ఆర్టిక్స్-7లో ఆరు, అనగా 64 గడులు.

నాలుగు సంకేతములలో ఒకదానిని ఎంచు మల్టీప్లెక్సరును తీసికొనుము: దత్తాంశములు నాలుగు, ఎంపిక తీగలు రెండు, వెరసి ఆరు గనుక, ఆర్టిక్స్‌లో ఒక్క టేబులున ఇమిడిపోవునది సైక్లోన్-4లో రెంటిని ఆక్రమించును. కాని 16 బిట్ల కూడిక యంత్రమునకు క్యారీ గొలుసు వలన రెండింటను బిట్టునకొక టేబుల్ చొప్పుననే పట్టును. అచ్చట ఆరు ఇన్‌పుట్ల ఆధిక్యము అక్కరకు రాదు.

ఆర్టిక్స్-7 కుటుంబపు 35టీ చిప్పులో నిజముగా నున్న టేబుళ్లు 20,800, వానిని 1.6తో హెచ్చించి 33,280 లాజిక్ సెల్సుగా ప్రకటించిరి. అది సిలికానుమీది లెక్క గాదు. కావున ప్రకటనను నమ్మక, నీ వెరిలాగ్ డిజైనునే ఆర్టిక్స్‌కు వివాడోలోను, సైక్లోన్‌కు క్వార్టస్‌లోను సింథసిస్ చేసి, వినియోగపు శాతములను పోల్చుము.