ముదిమికి కాపు చెట్టు: డివిడెండు వాటాల ఎన్నిక



కర్నూలు, కడప మెట్టలలో వేరుశనగ రైతు వాన కొరకు ఎదురు చూచుచునే ముసలివాడగును. సేద్యము చేయు బలము తగ్గిన నాడు తిండికి పొలమమ్ముకొనవలసిన గతి పట్టకుండ, ఏటేటా కొంత రాబడి వచ్చు దారిని నడివయసులోనే చూచుకొనవలెను.

డివిడెండు అనగా నేమి?

కంపెనీ తన లాభములో వాటాదారులకు పంచు సొమ్మే డివిడెండు. చింతచెట్టును కొట్టక కాయ మాత్రమే రాల్చుకొన్నట్లు, వాటాను అమ్మకుండగనే ఈ సొమ్ము చేతికందును. కాని ఇది డిపాజిట్టు వడ్డీ వలె తప్పక ఇవ్వవలసినది కాదు. కరోనా కాలమున, 2020 ఏప్రిలులో, 2019-20 లాభములపై ఇక డివిడెండు ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించెను. బ్యాంకు వాటాలనే నమ్ముకొన్నవారికి అది కరువు సంవత్సరమయ్యెను.

ఎన్నుకొను విధము

1. పదేండ్ల కాపు చూడవలెను. ఒక్క మంచి ఏటి దిగుబడిని బట్టి విత్తనరకమును మెచ్చుకొనము గదా! వార్షిక నివేదికలలో చెడ్డ ఏండ్ల లెక్క ముఖ్యముగా పరిశీలింపవలెను.

2. విత్తనము మిగిల్చినదో లేదో చూడవలెను. లాభమంతయు పంచివేయు సంస్థ, విత్తనపు కాయలు సైతము అమ్ముకొను రైతు వంటిది.

3. అతి కాపునకు మోసపోరాదు. 100 రూపాయల వాటాపై 4 రూపాయలు వచ్చిన నూటికి 4 అగును. వాటా ధర 50కి పడినచో అదే 4 రూపాయలు నూటికి 8గా కనబడును. చచ్చుటకు ముందు చెట్టు విరగగాయుట మీరెరిగినదే.

4. ఒకే పంటను నమ్మరాదు. వేరుశనగ సాళ్ళ నడుమ కంది వేసినట్లు, వేర్వేరు పరిశ్రమలలో కొంత కొంత పెట్టవలెను.

ముందు చేయవలసినవి

నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ అనగా ఏడాదికి 24. అంత డివిడెండును నమ్మకముగా ఇచ్చు వాటా లేదు. కావున మొదట అప్పు తీర్చవలెను. విత్తనము, ఎరువు, పిల్లల చదువు, వైద్యము కొరకు ఉంచిన సొమ్మును వాటాలలో పెట్టరాదు.

2 హెక్టార్లలోపు భూమి గలిగి, 18 నుండి 40 ఏండ్ల లోపు వయసున్నవారికి, 2019లో ఆరంభమైన ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ యోజన గలదు. చేరిన వయసును బట్టి నెలకు 55 నుండి 200 రూపాయలు కట్టిన, కేంద్ర ప్రభుత్వము అంతే జమ చేయును. 60 ఏండ్లు నిండిన పిదప నెలకు 3000 రూపాయల పింఛను వచ్చును. ఇది ఇంటి ముందరి నీడ. వాటాలు దాని పక్కన నాటు చెట్లు.

కాయలు అమ్మిన నాడే లెక్క వేయుడు: అప్పు పోగా, విత్తనము పోగా, మిగిలినదెంత? చెట్టు నాటవలసినది ఆ మిగులుతోనే.