తొట్టిలో అడవి

సోలాపూర్ దత్తనగర్‌లో నలభై ఏళ్లు సాంచాల మీద చాదర్లు నేసి, చెవులు మొద్దుబారాక ఇంట్లో చేపల తొట్టి పెట్టుకున్నాను. మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. చేపలతో పేచీ రాలేదు, మొక్కలతోనే వచ్చింది.

1. కొనేటప్పుడే ఎంత ఎత్తు పెరుగుతుందో అడగండి. జానెడు కూడా లేదు కదా అని అమెజాన్ స్వోర్డ్ తెచ్చి ముందు వరుసలో నాటాను. ఏడాది తిరిగేసరికి ఆకులు నీళ్లపైకి వచ్చి వంగిపోయాయి. వెనక చేపలున్నాయా అని మా ఆవిడ ఎగతాళి.

2. ఆకును సగానికి కోయకండి. చాదరు అంచు సరిచేసినట్టు పైపైన సమంగా కత్తిరించాను. వారంలో కోసినచోటల్లా గోధుమరంగు తిరిగి కుళ్లింది. స్వోర్డ్ కొత్తాకు నడిమి నుంచి తీస్తుంది, ముదురాకులు బయటి వరుసలో ఉంటాయి. వాటి కాడ వెంట వేలు దించి, మొదట్లో కోయాలి. వారానికి రెండో మూడో, అంతే. ఒక్కరోజే బోడి చేస్తే మొక్క తినాల్సిన ఎరువు నాచు తింటుంది. వాలిస్నేరియాకైతే పక్క పిలకలు పీకాలి. కబోంబా తల కోస్తే కణుపు దగ్గర కొత్త చిగుళ్లేస్తుంది. పొట్టిదవుతుంది గానీ గుబురెక్కుతుంది.

3. పోగులు తెంపే కత్తెర తొట్టిలో పెట్టకండి. నాదానికి సాంచా నూనె అంటి ఉంది. తెల్లారేసరికి నీళ్లమీద రంగురంగుల తెట్టు, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తప్పు నాదే.

4. అసలు గుట్టు వేళ్లలో ఉంది. స్వోర్డ్ ఎక్కువగా వేళ్లతోనే తింటుంది. పెరుగు తోడేసే చిన్న మట్టి ముంతలో నాటి ఇసకలో పాతిపెట్టాను. వేళ్లకు చోటు లేక జోరు తగ్గింది. ఎరువు బిళ్ల కూడా మానేశాను. కత్తెరకు సగం పని తప్పింది.

5. పద్మశాలీలం, తామర లేకపోతే ఎలా అని టైగర్ లోటస్ గడ్డ వేశాను. నిజానికి అది కలువ. పైకి తేలబోయే ఆకు కాడను మొదట్లోనే తుంచుతూ పోతే కిందే ఎర్రటి ఆకులు తీస్తుంది. ఒక ఎండాకాలం పూత ఆశతో వదిలేశాను. పువ్వు పూసింది, పైన తేలిన ఆకుల నీడకు మిగతావన్నీ పాలిపోయాయి. పువ్వొచ్చింది కదా, ఇంకేం కావాలంది మా ఆవిడ.

6. లైటు ఏడు గంటలు చాలు.

7. కోసిందాన్ని తలావులో పారేయకండి. మన సంభాజీ తలావును కమ్మిన గుర్రపుడెక్క కూడా ఈ స్వోర్డ్‌లాగే దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. మా ఇంట్లో కోసిన ఆకులు తులసి కుండీలోకి పోతాయి. మన పేటలో నల్లా రోజూ రాదు కాబట్టి తొట్టిలోంచి తీసిన పాత నీళ్లూ అందులోకే.