ఉప్పునీటి రొయ్యల చెరువునకు తొలినీరు

నాగాయలంక, బంటుమిల్లి, కృత్తివెన్ను ప్రాంతములలో కొత్తగా చెరువు త్రవ్విన రైతు సాధారణముగ అడుగు మొదటి ప్రశ్న, "సీడు ఎప్పుడు వదలవలెను?" అని. అంతకు ముందు అడుగవలసినది నీటిని గూర్చి. తొలినీరు చెడినచో పిమ్మట ఎంత మేత వేసినను, ఎన్ని మందులు చల్లినను పంట కోలుకొనుట కష్టము.

మొదట నేల సంగతి. వరి పండు భూమిలో ఉప్పునీటి చెరువు త్రవ్వరాదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయమున స్పష్టముగ నున్నది. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము క్రింద రిజిస్ట్రేషన్ లేనిదే నీరు పెట్టవలదు. 1977 నవంబరు ఉప్పెనలో సముద్రపు నీరు దివిసీమ పొలములను ముంచెను. ఉప్పు పట్టిన చేను ఎట్లుండునో అచ్చటి పెద్దలను అడిగి తెలిసికొనవచ్చును. ఉప్పెన ఒక్కమారు వచ్చి పోయినది. గట్టు ఊరెడు చెరువు ప్రతి పంటకును ప్రక్క రైతు చేనికి ఉప్పు పంపుచుండును. కావున గట్టును బాగుగ దిమ్మిస చేయించి, నీరు పెట్టుటకు ముందే చుట్టుప్రక్కల బోర్లలోని ఉప్పదనమును కొలిపించి, గ్రామాధికారి సమక్షమున వ్రాయించి ఉంచుట ఇరువురికిని మేలు. తగవు వచ్చిన పిమ్మట కొలిచిన కొలతను ఎవరును నమ్మరు.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండును. వనామీ రొయ్యకు 10 నుండి 25 గ్రాములు అనుకూలము. ఉప్పుటేరు కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చునది. వానకాలమున అందలి నీరు ఉన్నట్టుండి చప్పబడును. నాలుకతో రుచి చూచి అంచనా వేయు అలవాటు మానవలెను. రిఫ్రాక్టోమీటరుతో కొలిచి, పోటు సమయమున నీరు తోడుట మంచిది.

పంపు నీరు పడుచోట 60 కన్నుల సన్నని వలను రెండు పొరలుగ కట్టవలెను. పీతలు, ఏటి రొయ్యలు తెల్లమచ్చ వ్యాధిని మోసికొని వచ్చును. 1994లో మన తీరమున టైగరు రొయ్య సాగును దెబ్బతీసిన వ్యాధి ఇదియే. వలను దాటిన గ్రుడ్లు పొదుగుటకై మూడు దినములు నీటిని కదపక ఉంచి, ఆ పిమ్మట బ్లీచింగు వేయవలెను.

ఒక ఎకరము చెరువులో ఒక మీటరు లోతు నీరున్నచో సుమారు 4,047 ఘనపు మీటర్లగును. ఘనపు మీటరునకు 60 గ్రాముల చొప్పున 243 కిలోల పౌడరు కావలెను. పాత బస్తాలలో క్లోరిను ఎగిరిపోయి యుండును. కొన్నది చౌకయైనను అది సున్నముతో సమానము! ఎండలో క్లోరిను త్వరగా నశించును గనుక సాయంకాలమున, ముక్కునకు గుడ్డ కట్టుకొని చల్లవలెను. నీటిలో క్షారగుణము పెరిగినచో క్లోరిను పదును తగ్గును. అందుచేత దీనికి ముందు నీటిలో సున్నము చల్లరాదు.

ఏరేటర్లు త్రిప్పుచు కొన్ని దినములు ఆగవలెను. ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసినపుడు పసుపురంగు వచ్చినచో క్లోరిను ఇంకను ఉన్నట్లే.

క్లోరిను పోయిన నీరు శుభ్రమైనదే గాని ఉత్తనీరు. అందులో రొయ్యపిల్లకు ఆహారము లేదు, మలినమును మార్చు సూక్ష్మజీవులును లేవు. పట్టణములలో గాజుతొట్టెలో సముద్రపు చేపలను పెంచువారు చేపలు లేకుండ కొన్ని వారములు నీటిని నడిపింతురు. అమ్మోనియాను నైట్రైటుగను, దానిని నైట్రేటుగను మార్చు బాక్టీరియా కుదురుకొనువరకు వేచియుందురు. చెరువులోను పని అదియే. తవుడు, బెల్లము, ఈస్టు పులియబెట్టి, వడకట్టిన రసమును పోయవలెను. నలుపు తెలుపుల పళ్లెమును నీటిలో దింపినపుడు 30–40 సెంటీమీటర్ల లోతున కనుమరుగైనచో రంగు కుదిరినది.

హేచరీవారు ఇచ్చిన తేదీ దాటిపోవునను తొందరలో పచ్చినీటిలో సీడు వదలువారు పెక్కుమంది. తేదీని మార్చుకొనవచ్చును. ముందుగ కొద్దిపాటి పిల్లలను అదే చెరువులో హాపా కట్టి రెండు దినములుంచి లెక్కించవలెను. అవి నిలిచినచో మిగిలిన సీడునకు కబురు పంపవచ్చును.